ఫ్రేముకి అడ్డం

హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ ఇందుజ సినిమాలకి ఫోకస్ పుల్లర్‌గా పనిచేసింది. కెమెరా పక్కన నిలబడి, నటుడు ఒక అడుగు ముందుకి వేస్తే లెన్సు మీది చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పి, అతని కళ్ళు మసకబారకుండా చూసుకోవడం ఆ పని. సరిగ్గా చేస్తే ఎవరూ గుర్తించరు. తప్పితే సెట్టు మొత్తం తలతిప్పి చూస్తుంది. వరసగా రెండు సినిమాలు సగంలో ఆగిపోయాక ఆమె సొంతూరు తాడేపల్లిగూడెం వచ్చేసి, ఏలూరులో ఫణీంద్ర నడుపుతున్న లైవ్ యూనిట్లో చేరింది.

ఫణీంద్ర మెత్తగా మాట్లాడే మనిషి. పెళ్ళిళ్ళు, సువార్త సభలు, కబడ్డీ పోటీలు, ఏవైనా సరే యూట్యూబులో లైవ్ ఇస్తాడు. ఇందుజ చేరగానే అతనికి చాలా రోజులుగా ఉన్న కోరిక బయటపడింది.

"మన ఆటలన్నీ సీసీ కెమెరాలో చూసినట్టుంటాయమ్మా. ఈ మూల నుంచి ఆ మూల దాకా అన్నీ కనపడతాయి, ఒక్కటీ మనసుకి పట్టదు. బయట దేశాల్లో చూడు, గోలు కొట్టినవాడి దగ్గరికి సినిమా కెమెరా పట్టుకుని పరిగెడుతున్నారు. తెర మీద వాడి మొహం ఒక్కటే ఉంటుంది. వెనకాల స్టేడియం అంతా కరిగి రంగులైపోతుంది. ఇప్పుడు మన క్రికెట్లోనూ మొదలెట్టారు. లైవే, కానీ సినిమాలా ఉంటుంది. మనం ఎందుకు చెయ్యకూడదు?"

"సినిమాలో ఇంకో టేక్ ఉంటుంది ఫణిగారూ. ఇక్కడ ఉండదు కదండీ."

"అందుకే నువ్వు కావాలి."

మొదట తాడేపల్లిగూడెం కబడ్డీ పోటీల్లో ప్రయత్నించారు. రైడుకి వెళ్ళి ముగ్గురిని ఔట్ చేసి తిరిగొచ్చిన ఒక కుర్రాడి మొహం పెద్ద ఎల్ఈడీ తెర నిండా పడింది. చెమట, మట్టి, పగిలిన పై పెదవి. వెనకాల లైట్లన్నీ బంగారు బొట్లలా కరిగిపోయాయి. అసలు మనిషి ఎదురుగా నిలబడి ఉండగా జనం మెడలు తిప్పుకుని తెరకేసి చూశారు. ఎవరో ముసలాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. బాగా చేస్తే ఎవరికీ తెలియని పనిలో ఇన్నేళ్ళు గడిపిన ఇందుజకి అది కొత్త. ఆ రోజు బండి మీద ఇంటికి వెళ్తుంటే ఆమెకి ఊరికే నవ్వొచ్చింది.

ఆ వీడియో చూసి అబ్బాయిరాజుగారు ఫోన్ చేశారు. కైకలూరు అవతల ఆయనకి చేపల చెరువులున్నాయి. వానలు తగ్గి కొల్లేరు నిండుగా ఉన్నప్పుడు కొంగలలంక కాలువలో దోనెల పందెం పెడుతున్నారు. ఖర్చంతా ఒక చేపల మేత కంపెనీది.

"మా కొల్లేటివాళ్ళని కూడా ఆ కబడ్డీ కుర్రాడిలా హీరోల్ని చేసి చూపించండి ఫణీంద్రగారూ," అన్నారాయన. "ఇంతవరకూ మమ్మల్ని టీవీలో చూపించారంటే వరదొచ్చినప్పుడేనండీ."

దోనె అంటే తాటిమొద్దు తొలిచి చేసింది. సన్నగా, తేలిగ్గా, కూర్చున్నవాడు తుమ్మినా ఒరిగేటట్టు ఉంటుంది. ఒక్కో దోనెలో ఒక్కడే మనిషి, ఒక్కటే తెడ్డు. కాలువకి అడ్డంగా ఎర్రజెండాల తాడు కట్టారు, అదే గెలుపు గీత. గీత దాటాక కాలువ వెడల్పయి కొల్లేట్లో కలుస్తుంది. ఊపు మీదున్న దోనెలు వెళ్ళి ఆగేది అక్కడే. అక్కడ నీళ్ళ మీద గుర్రపుడెక్క దట్టంగా పరుచుకుని ఉంది. ఇందుజ కోసం గీత పక్కన నీళ్ళలోకి వెదురు మంచె కట్టించారు. ఒడ్డున, జనానికి ఎదురుగా, పెద్ద తెర నిలబెట్టారు.

పందెం పొద్దున మొదలైంది. గీత అవతల, డెక్క అంచున, ఒక ఫైబర్ బోటు లంగరు వేసుకుని ఉంది. నారింజ రంగు బోటు. అందులో నాగేశ్వరరావు అనే గజ ఈతగాడు, పక్కన తాడు, గాలి ట్యూబులు. ఎవరైనా బోల్తా పడితే లాగడానికి ఆ ఏర్పాటు.

తొలి పందేల్లోనే ఇందుజకి ఆ బోటు ఇబ్బందయింది. గెలిచినవాడు గీత దాటి దోనెని మంచె వైపు తిప్పగానే ఆమె అతని మొహం పట్టుకునేది. కాలువ, ఆకాశం, డెక్క ఆకులు అన్నీ అనుకున్నట్టే కరిగిపోయేవి. ఆ నారింజ రంగు మాత్రం కరిగేది కాదు. కరిగిన కొద్దీ ఉబ్బి, అతని చెవి పక్కన పెద్ద మచ్చలా వేలాడేది.

ఫైనల్ పొద్దు వాలేటప్పుడు పెట్టించాడు ఫణీంద్ర, ఆ వెలుతురు కోసం. మొదలవడానికి కాస్త ముందు ఇందుజ వాకీటాకీ నొక్కింది.

"ఫణిగారూ, గీత అవతల ఆరెంజ్ బోటు ఫ్రేముకి అడ్డం వస్తోందండి. రంగంతా పాడైపోతోంది. కాస్త పక్కకి తీయించగలరా?"

"రాజుగారికి చెబుతానుండు."

కొంతసేపటికి బోటులో ఉన్న నాగేశ్వరరావు ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం ఇందుజ లెన్సులోంచి చూసింది. అతను మాట్లాడుతూ డెక్క వైపు చెయ్యి చూపించాడు. మళ్ళీ చూపించాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, లంగరు లాగి, ఇంజను వేసుకుని వంతెన వెనక్కి వెళ్ళిపోయాడు. ఇందుజ మళ్ళీ చూసుకుంది. బంగారు నీళ్ళు, ఆకుపచ్చ పొగ, అంతే. ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఫైనల్లో మొదట్నుంచీ ఇద్దరి మధ్యే పోటీ. ఆకివీడు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే సాయికృష్ణ అనే కుర్రాడు గెలిచాడు. గీత దాటగానే దోనెలో లేచి నిలబడ్డాడు. అలా నిలబడటమే ఒక విద్య. తెడ్డు రెండు చేతులతో తలపైకెత్తి అరిచాడు, అరుస్తూనే ఏడ్చేశాడు. కనురెప్పల మీద నీటిచుక్కలు, వాటిలో సూర్యుడు. ఇందుజ ఊపిరి బిగబట్టి చక్రం తిప్పుతోంది. దోనె ఊగినప్పుడల్లా అతని మొహం ముందుకీ వెనక్కీ కదులుతోంది. ఒక్కసారి కూడా అతని కళ్ళు మసకబారలేదు.

"వదలకు," చెవిలో ఫణీంద్ర గొంతు వణికింది. "అతని మీదే ఉండు. వేరే కెమెరాకి మార్చను."

సాయికృష్ణ భుజం వెనక నల్లటి మరక ఒకటి వచ్చింది. అది మనిషో, దోనో, చెట్టు నీడో పోల్చుకునే వీల్లేదు. మరక నిడుపుగా సాగింది. ఒక పక్కకి ఒరిగింది. కాసేపు చిన్నగా అదిరి, నీళ్ళ బంగారంలో కలిసిపోయింది.

హమ్మయ్య, వెనకాల శుభ్రమైంది అనుకుంది ఇందుజ.

ఒడ్డున జనం తెరకేసి చూస్తూ ఈలలు వేస్తున్నారు. గీత దగ్గర మొదటి ముగ్గురి పేర్లు రాసుకున్న పెద్దమనిషి కూడా తెర వైపు తిరిగిపోయాడు. రెండోవాడు ఒడ్డుకి చేరి గెలిచినవాడిని కౌగలించుకున్నాడు. మిగిలినవాళ్ళు చాలా వెనకపడి దారిలోనే ఒడ్డు పట్టారు.

బహుమతులిచ్చేటప్పుడు అబ్బాయిరాజుగారే మైకు తీసుకున్నారు.

"మూడో బహుమతి మన కొంగలలంక సత్యానందానికి! ఏడీ సత్యానందం? రావయ్యా, సిగ్గుపడతావేంటి?"

జనం నవ్వారు. ఆయన మళ్ళీ పిలిచారు. ఆడవాళ్ళ గుంపులోంచి ఒకామె లేచి నిలబడింది.

"ఇటు రాలేదండీ," అంది. "మీ దగ్గరున్నాడనుకున్నానండి."

ఆమె సత్యానందం భార్య సారమ్మ. ఆ మాట అంటూనే ఆమె కాలువ వైపు నడవడం మొదలెట్టింది. నడక పరుగైంది. డెక్క మధ్యలో దోనె బోర్లా పడి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే తప్ప ఆకుల్లో అది దోనె అని తెలియదు.

వంతెన వెనకనుంచి నాగేశ్వరరావు బోటు దూసుకొచ్చింది. అతను నీళ్ళలోకి దూకి, పైకొచ్చి, మళ్ళీ దూకాడు. మూడోసారి సత్యానందాన్ని జుట్టు పట్టుకుని పైకి తెచ్చాడు. నుదుటి మీద దోనె అంచు తగిలిన గాటు ఉంది. కాళ్ళకి ఎవరో ఎప్పుడో వదిలేసిన పాత నైలాన్ వల చుట్టుకుని ఉంది. ఒడ్డున పడుకోబెట్టి కడుపు నొక్కారు, నోట్లో ఊదారు. సారమ్మ అతని అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. వలని కోసి తీసేదాకా కూడా ఆగలేదు, వల మీదుగానే రుద్దింది.

వాళ్ళ వెనకాల పెద్ద తెర మీద సాయికృష్ణ నెమ్మదిగా తెడ్డు ఎత్తుతున్నాడు, నెమ్మదిగా ఏడుస్తున్నాడు. స్లో మోషన్ రీప్లే తిరుగుతూనే ఉంది. ఆపాలని ఎవరికీ తోచలేదు.

ఆ వీడియో దేశమంతా పాకింది. ‘కొల్లేటి కుర్రాడి ఆనందబాష్పాలు’ అని పేరు పెట్టి మేత కంపెనీ తన ఛానెల్లో వేసింది. కింద కామెంట్లు కుప్పలుగా వచ్చాయి. ఇది లైవ్ అంటే నమ్మలేకపోతున్నామన్నారు. ఏ సినిమాలోదని అడిగారు. వెనకాల ఆ బ్లర్ చూడు బ్రో, ప్రాణం పెట్టి తీశాడు అని ఒకడు రాశాడు. ఇందుజ ఆ ఒక్క కామెంటూ చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

"ఫణిగారూ, అది తీయించెయ్యండి," అంది మర్నాడు. "అందులో ఆయన చనిపోతున్నాడండి."

"ఎక్కడ?" ఫణీంద్ర మానిటర్ ఆమె వైపు తిప్పాడు. "నువ్వే చూపించు. నీకూ నాకూ తెలుసు కాబట్టి కనపడుతోంది. ఇంకెవరికీ కనపడదమ్మా. అయినా ఛానెల్ మనది కాదు, కంపెనీది."

"వేరే కెమెరాల్లో ఏమైనా పడిందాండీ?"

"డ్రోనుని బ్యాటరీ మార్చడానికి దించారు. పెద్ద షాటు కెమెరా జనం మీద ఉంది. ఉన్నదల్లా నీదే." గొంతు తగ్గించాడు. "హైదరాబాదునుంచి కబడ్డీ లీగు వాళ్ళు ఫోన్ చేశారు. సీజనంతా నువ్వే కావాలంటున్నారు. బోటు సంగతి ఎవరూ అడగలేదు. అడగనిదానికి మనం కల్పించుకోవద్దు."

బోటు సంగతి అడగకపోవడానికి కారణం ఉంది. దానికి జవాబు ఊళ్ళో అప్పుడే తయారైపోయింది. నాగేశ్వరరావు తాగి వంతెన కింద పడుకున్నాడని అబ్బాయిరాజుగారు అందరితోనూ అన్నారు. ఫోన్ చేసిన మాట నిజమే, జాగ్రత్తగా ఉండమని చెప్పడానికి చేశానన్నారు. పేపర్లో ఈతగాడి నిర్లక్ష్యం అని పడింది. స్టేషన్లో కేసు రాశారు. సత్యానందం వైపు కుర్రాళ్ళు నాగేశ్వరరావుని చెరువు గట్టు మీద పట్టుకుని కొట్టారు. కుడి చెయ్యి విరిగింది.

ఇదంతా ఇందుజ పేపర్లో చదివింది, ఫణీంద్ర ఫోన్లో మాట్లాడుతుండగా విన్నది. విని, ముందున్న పెళ్ళి వీడియో ఎడిటింగులో కూర్చుంది. పెళ్ళికూతురి మొహం వెనకాల ఏదైనా మరక కదిలితే చాలు, ఆపి, అది ఎవరో పోల్చుకునేదాకా ముందుకి వెళ్ళలేకపోయేది.

ఒక మధ్యాహ్నం ఫణీంద్ర భోజనానికి వెళ్ళినప్పుడు సారమ్మ వచ్చింది. గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడింది.

"ఏవండీ, దోనెల పందెం వీడియో తీసింది ఇక్కడేనాండీ?"

"ఇక్కడేనండి. రండి, కూర్చోండి."

"కూర్చోనండి. షెడ్డులో సెలవు చెప్పి వచ్చేను, సాయంత్రానికి వెళ్ళిపోవాలి." ఆమె రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. వేళ్ళ చివర్లు నాని తెల్లబడి పగుళ్ళిచ్చి ఉన్నాయి. "ఆ వీడియో ఫోన్లో చూస్తే తెలవట్లేదండి. పెద్ద తెర మీద చూపిస్తారా? మా ఆయన మునిగేటప్పుడు ఆ బోటు ఎక్కడుందో నేను చూడాలి."

ఇందుజ పెద్ద మానిటర్ మీద వీడియో పెట్టింది. సారమ్మ సాయికృష్ణ మొహం చూడలేదు. మొదట్నుంచీ అతని భుజం పక్కకే చూస్తోంది.

"ఆపండి," అంది. "ఈయనేనండి."

మానిటర్ మీద వేలు పెట్టింది. అక్కడ ఉన్నది బొటనవేలంత మసక మరక.

"ఎలా గుర్తుపట్టేరండీ?"

"తెడ్డు ఎడంపక్క వేస్తాడండి. ఎప్పుడూ అలా కొంచెం కుడికి వాలి కూర్చుంటాడు. చర్చిలో కూర్చున్నా అంతే." ఆమె వేలు తియ్యలేదు. "దీన్ని కాస్త తేటగా చెయ్యండి."

"కుదరదండి."

"ముందున్న అబ్బాయి అంత తేటగా ఉన్నాడు కదండీ. కనురెప్పలు కూడా లెక్కపెట్టేటట్టున్నాయి. ఈయన్ని కూడా అలా చెయ్యండి, ఒక్కసారి. మొహం చూస్తాను."

"తీసేటప్పుడే అలా తీసేమండి. ముందున్నవాళ్ళు తప్ప మిగతాదేదీ అందులోకి రాదు. ఇప్పుడు ఎవరం ఏం చేసినా రాదండి."

"అంటే ఈయన మొహం ఇందులో లేనే లేదా?"

"లేదండి."

సారమ్మ మానిటర్ మీంచి వేలు తీసింది. తర్వాత వీడియో మిగతాది వెయ్యమంది. మరక ఒరిగింది, అదిరింది, పోయింది. ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ వెయ్యమంది. రెండోసారి చూశాక ఇందుజ వైపు తిరిగింది.

"బోటు లేదు చూశారా? ఎక్కడా లేదు. వాడు మా ఆయనతో కలిసి వలేసినవాడండి, మా ఇంట్లో అన్నం తిన్నవాడు. వాడి చెయ్యి మావాళ్ళు విరిచేశారంటే నాకు మనసొప్పలేదు. తాగలేదక్కా అని వాడు ఏడిస్తే, నిజమేనేమో అనుకున్నాను. ఇప్పుడు తేలిపోయింది. విరవాల్సిందే."

ఇందుజ వీడియో ఆపింది.

"ఆయన తాగలేదండి. బోటు ఉండాల్సిన చోటే ఉంది. నేనే అక్కణ్ణించి తీయించమన్నాను."

సారమ్మకి ఆ మాట వెంటనే అర్థం కాలేదు. "మీరెందుకు తీయించడమండీ?"

"ఫ్రేముకి అడ్డం వచ్చిందండి."

"అంటే?"

"బొమ్మలో బాగోలేదండి." ఇందుజ తెర మీద బోటు ఉండాల్సిన చోటు చూపించింది. "దాని రంగు బాగోలేదని."

"రంగా?"

"నారింజ రంగండి. వెనకాల మచ్చలా పడుతోందని తీయించమన్నాను. ఫణీంద్రగారు రాజుగారికి చెప్పేరు. రాజుగారు ఫోన్ చేసేరు. నాగేశ్వరరావుగారు వెళ్ళనని డెక్క వైపు చెయ్యి చూపించడం నేను చూశాను. అయినా ఏం మాట్లాడలేదు."

సారమ్మ మానిటర్ వైపు తిరిగింది. బంగారు నీళ్ళ ముందు సాయికృష్ణ తెడ్డు ఎత్తి ఆగిపోయి ఉన్నాడు.  ఆమె గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వేసుకుంది.

"ఈ మాట నాకు చెబితే ఏం లాభమండీ?" అంది ఇటు తిరక్కుండానే. "ఆదివారం మా ఊరొచ్చి అందరి ముందూ చెప్పండి."

ఆ సంగతి తెలిసి ఫణీంద్ర కోప్పడలేదు. బతిమాలాడు. యూనిట్లో ఇంకా నలుగురి కుటుంబాలున్నాయన్నాడు. కాలువలో పాత వల పడేసినవాడి తప్పు లేదా అన్నాడు. ఆఖరికి, "నువ్వు చెప్పినా నేను కాదంటాను ఇందుజా. వాకీటాకీలో నువ్వన్న మాట నేను తప్ప ఎవరూ వినలేదు," అన్నాడు. ఆ మాట కూడా మెత్తగానే అన్నాడు.

ఆదివారం ఇందుజ కైకలూరులో బస్సు దిగి ఆటోలో కొంగలలంక వెళ్ళింది. చర్చిలో ఆరాధన అయిపోయాక పాస్టరుగారు జనాన్ని కూర్చోమన్నారు. ఇందుజ ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. సారమ్మతో చెప్పినట్టే, రంగు సంగతి కూడా దాచకుండా. ఒక్కటి మాత్రం చెప్పలేకపోయింది. మరక మాయమైనప్పుడు హమ్మయ్య అనుకున్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

నాగేశ్వరరావుని కొట్టిన కుర్రాళ్ళు వెనక వరసలో నేలకేసి చూస్తున్నారు. ఒక పెద్దాయన లేచాడు.

"మీరు చదువుకున్నవారు. నీళ్ళ మీద ఆ బోటు ఎందుకు పెడతారో మీకు తెలవదాండీ?"

"తెలుసండి," అంది ఇందుజ.

ఆయన కూర్చుండిపోయాడు. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. ఎవరో ఒకరు అరిస్తే బాగుండుననిపించింది ఆమెకి. జనం ఒక్కొక్కరే లేచి ఆమెకి తగలకుండా పక్కనుంచి వెళ్ళిపోయారు. సారమ్మ కూడా.

నాగేశ్వరరావు ఇల్లు చెరువు గట్టు అవతల. అరుగు మీద పిండికట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇందుజ చెప్పినదంతా విని, అతను తల అడ్డంగా ఊపాడు.

"మీరడిగేరు సరేనండి. రాజుగారు తీయమన్నారు సరే. నేను వెళ్ళకుండా ఉండాల్సిందండి. ఆ డెక్క కింద పాత వలలుంటాయని నాకు తెలుసు. అదే చెప్పేను. ఒక్క పందేనికి ఏమవుద్దిరా అన్నారు."

"తప్పు మీది కాదండి."

"వంతెన దగ్గర్నించి కాలువ కనపడదండి. తెర మాత్రం కనపడుద్ది." అతను ఎడమచేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఇంజను ఆపుకుని మీ బొమ్మే చూస్తా ఉండిపోయేను. ఎంత బాగుందో. ఆ కుర్రాడు ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చిందండి. వెనకాల మావాడున్నాడని తెలవలేదు."

ఇందుజ ఆ సాయంత్రమే స్టేషనుకి వెళ్ళి వాంగ్మూలం ఇచ్చింది. ఫణీంద్ర అన్నంత పనీ చేశాడు. అలాంటి మాటేదీ తన చెవిన పడలేదని రాసిచ్చాడు. అబ్బాయిరాజుగారు ఇందుజ ఎవరో తెలియదన్నారు. ఇద్దరు పెద్దవాళ్ళ మాటకి ఎదురుగా ఒక్క మాట మిగిలింది. నాగేశ్వరరావు మీద కేసు కొట్టెయ్యలేదు, ముందుకీ నడవలేదు. చెయ్యి అతుక్కుంది కానీ తెడ్డు పట్టే బలం రాలేదు. అతనిప్పుడు గుండుగొలను దగ్గర హైవే మీద లారీలకి టీ అందిస్తున్నాడని విన్నది. నీళ్ళ దగ్గరికి పోవడం లేదట.

కబడ్డీ లీగు వాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఫణీంద్ర తీసుకున్న కొత్త కుర్రాడు ఆ కెమెరా పట్టుకుని అక్కడికి వెళ్ళాడు. ఇందుజ తాడేపల్లిగూడెంలోనే ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరింది. తెల్లటి గుడ్డ ముందు కూర్చున్నవాళ్ళని ఒకరి తర్వాత ఒకరిని తీస్తుంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున సారమ్మ ఫోన్ చేసింది. తన పేరు చెప్పింది. 

"ఆ వీడియో మార్చేశారండి," అంది. "కంపెనీవాళ్ళు. ఆ అబ్బాయి మొహం పెద్దది చేసి, పక్కనంతా కోసేసి వాళ్ళ పేరు రాసుకున్నారు. ఫోన్లో ఎక్కడ వెతికినా అదే వస్తోంది. అందులో మా ఆయన లేడండి."

"కోసేసి ఉంటారండి."

"మొదటిది మీ దగ్గరుందా?"

"ఉందండి."

"పంపుతారా? పెళ్ళిఫోటోలు వరదలో పోయినియ్యండి. ఆయన కదిలేది, మాకు ఇంకెక్కడా లేదు."

స్టూడియోలో ఆధార్ ఫోటో కోసం వచ్చినవాళ్ళు వరసలో కూర్చున్నారు. ఇందుజ వాళ్ళని ఒక్క నిమిషమని చెప్పి లోపలికి వెళ్ళింది. ఫోన్లో ఆ వీడియో తీసి సారమ్మ నంబరుకి వాట్సాప్‌లో పంపింది. పెద్ద ఫైలు, వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. వెళ్ళేదాకా ఆమె తెరకేసి చూస్తూ నిలబడింది. చూసిందని గుర్తుగా నీలి గీతలు వచ్చాయి. ఇందుజ బయటికొచ్చి, వరసలో ముందున్నవాళ్ళని తెల్లటి గుడ్డ ముందు కూర్చోమంది.